జడుపు, జాతర, ఒక మిస్డ్ కాల్: మన పిలకాయల కోసం క్రైమ్ నవల రాయడం

నా మొదటి క్రైమ్ నవల రాతప్రతిని ముందుగా చదివింది మా అక్క కూతురు. అప్పుడు పదో తరగతి. రెండు రోజుల్లో ముగించి, కాగితాల కట్ట తెచ్చి నా ముందర పెట్టి, "మామా, ఈ పిల్ల భయపడలా. భయపడినట్టు యాక్టింగ్ చేస్తా ఉంది" అనింది.

నాకు కోపమొచ్చింది. శవాన్ని చూసిన కథానాయికను ఒక పేజీ నిండా వణికించాను, కేక పెట్టించాను, కళ్ళు తిరిగి పడేట్టు చేశాను. ఇంకేం కావాల? వారం తర్వాత కోపం చల్లారి నేనే మళ్ళీ చదువుకుంటే సంగతి తెలిసింది. ఆ పేజీ దాటగానే ఆ పిల్ల లేచి, మొహం కడుక్కొని, హంతకుణ్ణి పట్టుకోవడానికి స్కూటీ ఎక్కేసింది. మిగతా 170 పేజీల్లో ఒక్క పూట కూడా దానికి అన్నం సయించకపోవడం లేదు, లెక్కల పరీక్ష తప్పడం లేదు, ఉత్తపుణ్యానికి చెల్లెల్ని కొట్టడం లేదు. శవం అక్కడ కథను తోసే మోటారు మాత్రమే. పిల్లకు తగిలిన దెబ్బ ఏమైందో నేను అడగనే లేదు.

ఆ నవలను పక్కన పడేసి రెండోది మొదలుపెట్టాను. 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ కోసం తిరుపతి, చిత్తూరు పక్కన నడిచే నేరకథ రాయాలనుకునే వాళ్ళకు ఆ రెండో ప్రయత్నంలో నేర్చుకున్నది అడుగుఅడుగుగా చెబుతాను. రెండో నవల కథనే ఉదాహరణగా వాడుకుంటాను. అది ఇంకా అచ్చు కాలేదు కాబట్టి గుట్టు బయటపెట్టినా నాకేం నష్టం లేదు.

మొదటి అడుగు: నేరం కంటే ముందు మర్నాటిని రాసుకోండి

ఈ పాఠం నాకు తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ నేర్పింది. మే నెలలో జాతర జరిగే వారమంతా తిరుపతి వీధుల్లో వేషాలే. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. మగవాళ్ళు చీరలు కట్టి, బొట్లు పెట్టి, మొహాలకు రంగులు పూసుకొని తిరుగుతారు. దీని వెనక చెప్పుకునే కథ వింటే అచ్చంగా థ్రిల్లరే. ఊరి ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు గంగమ్మ మీద కన్నేశాడు. ఆమె అసలు రూపం చూసి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషం మార్చి వెతికింది, చివరికి దొర వేషంలో వస్తే దొరే వచ్చాడనుకొని బయటికి వచ్చాడు. తల తెగింది.

మామూలు రచయిత కథను అక్కడ ముగిస్తాడు. జాతర ముగించదు. దొర వేషం తర్వాత మాతంగి వేషం ఉంది. చంపిన ఆ తల్లే మాతంగిగా పాలెగాడి భార్యను ఓదార్చడానికి వెళ్ళిందంటారు. చంపడం తప్పని కథ ఎక్కడా అనదు. కానీ ఆ ఇంట్లో ఏడుస్తున్న ఆడమనిషి ఉందని మరిచిపోలేదు.

చిన్నప్పటి నుంచి ఆ వేషాల్ని చూస్తున్నా, నవల రాసేటప్పుడు మాత్రం నేను దొర వేషం దగ్గరే ఆగిపోయాను. కాబట్టి మీరు కథ ఆలోచించగానే ఒక తెల్లకాగితం తీసుకోండి. నేరం జరిగిన మర్నాడు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా మీ ముఖ్యపాత్ర ఏం చేసిందో గంటగంటకు రాయండి. పాలు ఎవరు పోయించుకున్నారు? బడికి పోయిందా? బస్సులో ఎక్కడ కూర్చుంది? చనిపోయినవాడి ఇంట్లో అదే గంటకు ఏం జరుగుతోంది? ఈ కాగితం నిండకపోతే నేరం సంగతి ఎత్తుకోవద్దు.

రెండో అడుగు: మీ వీధిలోంచే నేరాన్ని తీసుకోండి

సీరియల్ హంతకులు, ముసుగు మనుషులు, నోట్లో నుంచి కవితలు చెప్పే సైకోలు వద్దు. వాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు, అంటే ఏ ఊరికీ చెందరు. మనకు ఎర్రచందనం ఉంది. శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా అడవిగా పెరగని చెట్టు అది. చైనా, జపాన్‌లలో గిరాకీ. కొట్టడానికి జవ్వాది కొండల నుంచి, తిరువణ్ణామలై, వేలూరు పక్క నుంచి తమిళ కూలీలు వస్తారు. వాళ్ళను తెచ్చేవాడు మేస్త్రీ. దుంగలతో వచ్చే బండికి ముందు బైకు మీద పోతూ దారిలో పోలీసులున్నారా లేదా చూసేవాడు పైలట్. ఇందులో చదువు మానేసిన కుర్రాడికి సులభంగా దొరికేది ఆ పైలట్ పనే. చేతికి దుంగ అంటదు, గొడ్డలి అంటదు. "నేనేం చేసినా? బైకు మీద పోయినా, అంతే" అనుకోవచ్చు. నైతిక సందిగ్ధం ఆ "అంతే" అన్న మాటలో ఉంది.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది కూలీలు చనిపోయారు. ఆ సంఘటనను పేరు మార్చి నవలలోకి దించుకోవాలనిపిస్తుంది. నా మాట వినండి, వద్దు. ఆ ఇరవై మందికి భార్యలున్నారు, పిల్లలున్నారు, ఆ పిల్లలు ఇప్పుడు మీ పాఠకుల వయసులో ఉన్నారు. సంఘటనను వదిలేసి దాని వెనకున్న పరిస్థితిని తీసుకోండి. కొండ ఊళ్ళలో కూలి లేకపోవడం, బయానా డబ్బు, అడవిలో తినే అటుకులు, దారి తెలియని చీకటి.

నా కథ ఇది. హేమ ఇంటర్ మొదటి సంవత్సరం. రెండేళ్ళ కిందట పీలేరు పక్క పల్లె నుంచి వాళ్ళ కుటుంబం తిరుపతికొచ్చి జీవకోనలో అద్దెకుంది. అన్న సుబ్బుకు 19 ఏళ్ళు, పైలట్. ఒక రాత్రి, "కరకంబాడి రోడ్డులో జీపు కనబడితే నాకు మిస్డ్ కాల్ ఇయ్యి పాపా, అంతే" అన్నాడు. హేమ ఇచ్చింది. బండి దారి మళ్ళింది. మలుపులో ఒక కూలీ కింద పడ్డాడు. ఆసుపత్రికి తీసుకుపోతే అందరూ దొరుకుతారని స్వర్ణముఖి నది ఇసుకలో వదిలేశారు. సుబ్బు జేబులోని ఫోను దానంతటది నొక్కుకుని హేమకు కలిసింది. నాలుగు నిమిషాలు ఆమె విన్నది. తెల్లారేసరికి ఆ మనిషి పోయాడు.

హేమ శవాన్ని చూడలేదు. ఈసారి తెలిసే అలా రాశాను.

మూడో అడుగు: వయసు లెక్క కట్టండి

పిలకాయల నేరకథలో వయసు అంటే పాత్ర వర్ణన కాదు, కథను తిప్పే తాళంచెవి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, చట్టం చెప్పాలి.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో వచ్చి 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. నేరం జరిగిన రోజుకు 18 నిండకపోతే బాలలే. వాళ్ళను పోలీస్ లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు, 24 గంటల్లో బాలల న్యాయ బోర్డు ముందు హాజరుపరచాలి. మామూలుగా ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు ప్రత్యేక గృహంలో ఉంచుతారు. కానీ 16 నిండి, కనీసం ఏడేళ్ళ శిక్ష పడే ఘోర నేరం చేసినట్టు ఆరోపణ ఉంటే 15వ సెక్షన్ ప్రకారం బోర్డు ప్రాథమికంగా మదింపు చేస్తుంది. ఆ పిల్లకు శారీరకంగా, మానసికంగా ఆ పని చేసే సామర్థ్యం ఉందా, ఫలితం ఏమవుతుందో తెలుసా, ఏ పరిస్థితుల్లో చేసింది, ఇవి చూసి పెద్దవాళ్ళతో సమానంగా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపొచ్చు. అప్పుడు కూడా ఉరిశిక్ష గానీ, విడుదలకు అవకాశమే లేని యావజ్జీవం గానీ వేయడానికి లేదు.

ఇప్పుడు కథలోకి రండి. కూలీ మృతి హత్య కేసయింది. సుబ్బు చెల్లెలి దగ్గర కూర్చొని, "బండిలో నువ్వే ఉన్నేవని చెప్పు. నువ్వు మైనర్‌వి, నీకేం కాదు. నాకైతే జీవితం అయిపోతుంది" అంటాడు. అన్న దుర్మార్గుడేం కాదు. ఆ మాట చెప్పేటప్పుడు ఏడుస్తా ఉంటాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటా ఉంటుంది, నోరు తెరవదు.

కానీ లెక్కలో ఇంకో ముడి ఉంది. హేమ బడి రికార్డులో పుట్టిన తేదీ 2008 జూన్ 1. సంఘటన 2024 ఆగస్టులో. అంటే 16 నిండి రెండు నెలలు. నిజానికి ఆమె పుట్టింది ఆ మరుసటి సంవత్సరం. తొందరగా బళ్ళో వేయడానికి అయ్యవారికి చెప్పి అమ్మే ఒక ఏడాది ముందుకు జరిపించింది. ఇలాంటి జూన్ తేదీలు మన ఇళ్ళలో ఎన్నో! చట్టంలో 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి ముందు చూసేది బడి ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. కాబట్టి నిజం 15 అయినా కాగితం 16 అంటుంది. అన్న అనుకున్నంత సులభంగా హేమ బయటపడదు. ఆ సంగతి అమ్మకు తెలుసు, అన్నకు తెలియదు. అమ్మ నోరు తెరిస్తే కొడుకు పోతాడు, తెరవకపోతే కూతురు పోతుంది.

ఈ ముడిని నేను ఊహించి వేయలేదు, చట్టం చదువుతుంటే దొరికింది. కథ ఎక్కడైనా నిలిచిపోతే ప్లాట్ పుస్తకాలు వెతక్కుండా ఆ చట్టాన్నే ఇంకోసారి చదవండి.

నాలుగో అడుగు: జడుపును రాయడం

ట్రామా అనే మాట ఇప్పుడు మన పిలకాయలందరి నోట్లో ఉంది. నవల్లో నేను ఆ మాట వాడలేదు. మనకు జడుపు ఉంది. "పాప జడుసుకునింది" అంటారు, జడుపు జ్వరం అంటారు, తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. హేమ వాళ్ళ జేజి, అంటే అవ్వ, కూడా అదే చేస్తుంది. ఈ ఘట్టాన్ని వెక్కిరింతగా రాయొద్దు. జేజి వైద్యం తప్పు కావచ్చు, కానీ ఇంట్లో అందరికంటే ముందు "ఈ పిల్లకు ఏదో అయింది" అని కనిపెట్టింది ఆమే. చదువుకున్న లెక్చరర్ "మార్కులు ఎందుకు తగ్గినాయి?" అని మాత్రమే అడిగాడు.

వైద్యులు చెప్పే లక్షణాలను స్థూలంగా నాలుగు గుంపులు చేయొచ్చు. జరిగింది మళ్ళీ మళ్ళీ మీద పడటం, దాన్ని గుర్తు చేసేవాటి నుంచి తప్పించుకోవడం, తన మీద, లోకం మీద ఆలోచనలు చెడిపోవడం, ఒళ్ళు ఎప్పుడూ అలర్టుగా ఉండటం. కొత్తగా రాసేవాళ్ళు మొదటిదాన్నే పట్టుకుంటారు. సినిమాల్లో అది బాగా కనబడుతుంది కదా, నలుపు తెలుపులో గతం గిర్రున తిరగడం! చదివేవాళ్ళను నమ్మించేది మాత్రం రెండోది. హేమ ఫోనును సైలెంట్‌లో పెట్టి బియ్యం డబ్బాలో దాస్తుంది. ఎందుకో రచయితగా మీరు చెప్పొద్దు. మూడు అధ్యాయాల తర్వాత అమ్మ బియ్యం కొలుస్తుంటే ఫోను చేతికి తగలనివ్వండి.

హేమ చూడలేదు, విన్నది. కాబట్టి ఆమె జడుపంతా చెవిలో ఉంటుంది. ఇసుక మీద చెప్పుల చప్పుడు, ఇంజను ఆగకుండా కొట్టుకోవడం. చూసినదైతే ఒకటి రెండు వస్తువుల్లో ఇరుక్కుంటుంది. జ్ఞాపకం వరసలో ఉండదు. పోలీసులు వరసలో అడుగుతారు. ఆమె వరస తప్పుతుంది, వాళ్ళు అబద్ధమంటారు. మీ సస్పెన్స్ ఇక్కడే పుడుతుంది, వేరే మలుపు వెతుక్కోనక్కర్లేదు.

ఒక్కోసారి ఊరికి ఊరే జడుసుకుంటుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపింది. ఆ తర్వాత మెట్లెక్కే వాళ్ళకు చేతికర్రలు ఇచ్చారు. ఆ కర్రతో చిరుతను ఆపగలమని ఎవరూ అనుకోలేదు. అయినా అందరూ పట్టుకున్నారు. మీ పాత్రకు కూడా అలాంటి పనికిరాని కర్ర ఒకటి కావాలి. హేమ రాత్రి పడుకునేటప్పుడు తలాపున నీళ్ళ చెంబు పెట్టుకుంటుంది. ఎందుకో ఆమెకే తెలియదు. నాకు కూడా మొదట తెలియదు, ఐదో అడుగులో తెలిసింది.

కాలం సంగతి జాగ్రత్త. సంఘటన జరిగిన మొదటి నెలలో వచ్చే తీవ్ర ఒత్తిడిని వైద్యులు పీటీఎస్‌డీ (ఘోరం తర్వాత విడవకుండా నిలిచే మానసిక జబ్బు) అనరు. లక్షణాలు నెల దాటి నిలిస్తేనే ఆ మాట. పది రోజుల్లో ముగిసే నవల్లో డాక్టరు చేత ఆ పేరు చెప్పించారంటే చదివిన పిల్ల పట్టేస్తుంది. ఇంకో సంగతి, ఘోరం చూసిన ప్రతి మనిషీ ఇలా కాడు. చాలామంది కోలుకుంటారు. హేమతో పాటు ఆ నాలుగు నిమిషాలు విన్న ఇంకో పిల్ల ఉండి, ఆమె మామూలుగా నిద్రపోతే? ఆ పిల్లను రాతిమనిషి చేయకుండా రాయగలిగితే మీరు గట్టివాళ్ళే. నేను రాయలేక ఆ పాత్రను తీసేశాను.

ఐదో అడుగు: తప్పును తూకం వేయొద్దు, పంచండి

నైతిక సందిగ్ధం అంటే "అందరూ ఒకటే, ఎవరూ మంచోళ్ళు కాదు" అనడం కాదు. అది సోమరితనం. పదహారేళ్ళ పాఠకురాలికి ఒక మనిషిని ఇసుకలో వదిలేయడం తప్పని తెలుసు, తెలిసే ఉండాలి. తెలియనిది, ఆ తప్పులో తనకు ఎంత వాటా అని.

కాణిపాకం వెళ్ళిన వాళ్ళకు బాహుదా నది కథ తెలుసు. ఆకలికి తట్టుకోలేక లిఖితుడు రాజుగారి తోటలో మామిడిపండు కోసుకున్నాడు. అన్న శంఖుడే రాజు దగ్గరికి తీసుకుపోయాడు. రాజు రెండు చేతులూ నరికించాడు. నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి, అందుకే అది బాహుదా. పండు దొంగతనమే, కాదనలేం. కానీ రెండు చేతులా? అన్న చేసింది ధర్మమా, ద్రోహమా? ఆ గుడి ఎదుట ఈరోజుకీ ప్రమాణాలు చేయిస్తారు. కోనేట్లో మునిగి స్వామి ముందు అబద్ధమాడటానికి మన జిల్లాలో చాలామంది వెనకాడతారు. మీ నవల్లో ఒక పాత్రను అక్కడికి తీసుకుపోండి. ప్రమాణం చేసే మనిషి అక్షరాలా నిజం చెబుతూ మోసం చేయగలడేమో ఆలోచించండి. "నా చేతులతో ఎవర్నీ కొట్టలా" అని సుబ్బు ప్రమాణం చేస్తే అది పూర్తిగా నిజం.

పని ఎలా చేయాలంటే, ప్రతి పాత్రకూ మూడు వాక్యాలు రాయండి. అతనికి ఏం తెలుసు. ఏం తెలిసీ తెలియనట్టు ఉన్నాడు. ఎవరి కోసం. మొదటిదీ మూడోదీ అందరూ రాస్తారు. నడిమిదానితోనే నవల నిలబడుతుంది. హేమ అమ్మ: ఫ్రిజ్జు వచ్చిన రోజు డబ్బు ఎక్కడిదని అడగలేదు. మేస్త్రీ: పడిపోయినవాడు బతికే ఉన్నాడని తెలుసు, చచ్చినాడని అందరికీ చెప్పాడు. హేమ: మిస్డ్ కాల్ ఎందుకివ్వాలో అన్నను అడగలేదు, ఎందుకంటే అడిగితే తెలిసిపోతుంది.

మేస్త్రీని రాయడం నాకు కష్టమయింది. మొదట వాడికి ఏడుపు బాల్యం ఒకటి పెట్టాను, తండ్రి తాగుబోతు వగైరా. తీసి పారేశాను. బాల్యం చెప్పి మనిషిని వివరించడం ఇప్పుడు మరీ చవకబారు పని. దాని బదులు వాడికి భక్తి పెట్టాను. ఏటా కాలినడకన కొండెక్కుతాడు, కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తాడు, ముడుపు కడతాడు. అది కపటం కాదు, వాడు నిజంగా నమ్ముతాడు. చెడ్డవాడి నమ్మకం అబద్ధమని రాసేస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. ఆ హాయి ఇవ్వకండి. పైగా గుండుతో తప్పించుకోవడానికి తిరుపతిని మించిన ఊరు లేదు. బస్టాండులో గుండ్ల మధ్య ఒక గుండును ఎవరు గుర్తుపడతారు?

చనిపోయినవాడికి తప్పకుండా పేరుండాలి, ఇల్లుండాలి. నా నవల్లో అతను వేలు. అతని తమ్ముడు అన్న ఫోటో పట్టుకొని తిరుపతికి వస్తాడు, తెలుగు రాదు. మాతంగి వేషం లేకుండా దొర వేషం కట్టొద్దన్నది ఇందుకే.

ఇప్పుడు చెంబు సంగతి. ఫోనులో హేమకు ఒక మాట మళ్ళీ మళ్ళీ వినిపించింది: "తన్ని... తన్ని." తన్నారని చెబుతున్నాడనుకుంది. అన్నే తన్ని చంపాడని సగం నవల నమ్మింది. హాస్టల్‌లో ఉండే, తమిళనాడు సరిహద్దులోని నగరి నుంచి వచ్చిన స్నేహితురాలు ఒకరోజు మెస్‌లో గ్లాసు చాపి తమిళంలో "తణ్ణి" అంటుంది. నీళ్ళు. తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్ళకు ఆ మాట తెలిసే ఉంటుంది. హేమ కుటుంబాన్ని పీలేరు పక్క నుంచి రప్పించింది అందుకే. వేలును ఎవరూ తన్నలేదు. అతను నీళ్ళడిగాడు, ఎవరూ ఇవ్వలేదు. అన్న తప్పు ఇప్పుడు తగ్గిందా, పెరిగిందా? హేమ నిర్ణయించలేదు. నేనూ నిర్ణయించలేదు. మీ కథలో కూడా ఇలాంటి మాట ఒకటి వెతకండి. సరిహద్దు జిల్లాలో బతికేవాళ్ళం, రెండు భాషల మధ్య ఇరుక్కుపోయిన మాటలు మనకు కొదవా?

ఆరో అడుగు: స్టేషను, బోర్డు

త్వరగా చెబుతాను, ఇవి సరిచూసుకోవాల్సిన వివరాలు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు పాత 302 పోయి 103 అయింది. కథ ఆ తేదీకి ముందు జరిగితే 302 అనే రాయాలి. రెండూ కలిపేసిన రాతప్రతులు నేను చాలా చూశాను.

బాలల బోర్డు అంటే కోర్టు బోను, సుత్తి, "ఆర్డర్ ఆర్డర్" కాదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ఎత్తు వేదిక మీద కూర్చోకూడదు, సాక్షి బోను ఉండకూడదని నిబంధన. మామూలు గది, మామూలు బల్ల. హేమకు అది ఇంకా భయంగా ఉంటుంది, కాలేజీలో ప్రిన్సిపాల్ గదిలా ఉంటుంది కాబట్టి. ఇక 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి పేరు బయటపెట్టడం నేరం. నిజమైన కేసు నుంచి స్ఫూర్తి పొందితే ఊరు, వయసు, బడి, కుటుంబం, అన్నీ గుర్తుపట్టలేనంతగా మార్చండి. 24వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. బోర్డు దగ్గర తేలిన నేరం ఆ పిల్ల భవిష్యత్తుకు అనర్హత కాకూడదు. చట్టం మరిచిపోతుంది. జీవకోన మరిచిపోతుందా? ఆ ప్రశ్నతో ఒక అధ్యాయం వస్తుంది.

ఏడో అడుగు: యాస

సంభాషణ మన మాటల్లోనే ఉండాలి. "యాడికి పోతా ఉండావు?", "బిరీన రా", "మా తావ ల్యా." కానీ ఒక్క జాగ్రత్త. పేదవాళ్ళ చేత మాత్రమే యాస మాట్లాడించి, ఎస్సై, లెక్చరర్, డాక్టరు చేత పుస్తక భాష పలికిస్తే మీ నవల ఎవరి పక్షమో పాఠకుడికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. మన ఎస్సైలూ మనలాగే మాట్లాడతారు. హేమ కోపంలో ఒకలా, బోర్డు ముందు ఒకలా మాట్లాడుతుంది. బోర్డు ముందు ఆమె పుస్తక తెలుగులోకి మారిన క్షణమే ఆమె అబద్ధం మొదలవుతుంది.

ఎనిమిదో అడుగు: పేజీ మీద పెట్టకూడనివి

హింసను దాచమని అనను. జాతరలో వేషగాళ్ళు పిలకాయల ముందే బూతులు తిడతారు, మనం అంత సుకుమారులం కాము. కానీ ఆత్మహత్య ప్రస్తావన వస్తే పద్ధతి వివరాలు రాయకండి, దాన్ని సమస్యకు పరిష్కారంగా చూపకండి. చదివే గదిలో ఆ వయసు పిల్ల ఒంటరిగా ఉంటుంది. పుస్తకం చివర్లో మానసిక సాయానికి టెలి మానస్ 14416, పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098 అచ్చు వేయండి. రెండూ ఉచితం, మొదటిదానికి తెలుగులో మాట్లాడొచ్చు. అత్యాచారాన్ని కథానాయకుడి పగకు పెట్రోలుగా వాడకండి. ఇది నేను వాదనకు పెట్టే విషయం కాదు.

చివరి అడుగు: ముగింపు, ఆ తర్వాత పెన్సిలు

అరెస్టు దగ్గర ముగించొద్దని ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నా చివరి అధ్యాయంలో వేలు తమ్ముడు తిరువణ్ణామలై బస్సు కోసం బస్టాండులో కూర్చొని ఉంటాడు. హేమ దూరం నుంచి చూస్తుంది. ఇక్కడ ఆమె చేతికి ఒక నీళ్ళ బాటిలు ఇచ్చి పంపాలని మీ వేళ్ళు దురదపెడతాయి. నావీ దురదపెట్టాయి, మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. నీళ్ళు ఇచ్చేస్తే హేమకు బరువు దిగిపోతుంది, చదివేవాళ్ళకూ దిగిపోతుంది. ఇప్పుడున్న రాతప్రతిలో ఆమె వెళ్ళి అతని పక్క బెంచీలో కూర్చుంటుంది. అతను ఆమెను తమిళంలో ఏదో అడుగుతాడు. ఆమెకు అర్థం కాదు. బస్సు వస్తుంది.

రాత ముగిశాక పెద్దవాళ్ళకు చూపకండి, వాళ్ళు సందేశం వెతుకుతారు. పదహారేళ్ళ వాళ్ళు ముగ్గురిని పట్టుకొని, తలా ఒక పెన్సిలు ఇచ్చి, "యాడ నమ్మలేదో ఆడ గీత గీయండి" అనండి. ఎందుకని అడగొద్దు, ముందు గీతలు లెక్కపెట్టండి. మా అక్క కూతురు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఈసారి పదకొండు గీతలు గీసింది. హేమ దగ్గర రెండే. తక్కిన తొమ్మిది అమ్మ మాట్లాడిన చోట్ల ఉన్నాయి. ప్రస్తుతం ఆ తొమ్మిదింటినీ మళ్ళీ రాస్తున్నాను. నాలుగుచోట్ల ఆమె చేత అసలు మాట్లాడించకుండా బియ్యం కొలిపిస్తున్నాను.